పాలకేంద్రం లెక్కల యాప్: రేటు చార్టు మార్చంగనే పాత బిల్లులు మారుతున్నయి, టేబుళ్లు ఎట్ల పెట్టాలె?

హాలియా_కోడ్:

నమస్తే అందరికి. ఊరి పాలకేంద్రానికి లెక్కల యాప్ రాస్తున్న. పైథాన్, ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌ల ఉండే చిన్న డేటాబేస్), చీటీలకు ఒక థర్మల్ ప్రింటర్. పోసేటోళ్లు సుమారు 200 మంది. బర్రె పాలు ఎక్కువ, ఆవు పాలు కొన్ని. పొద్దుగాల ఒక పూట, మాపు ఒక పూట. పాలు పోయంగనే లీటర్లు, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలల్ల ఉండే ఘనపదార్థం), పైసలు అచ్చయిన చీటీ చేతికిస్తం. పదిహేను రోజులకోసారి బిల్లు.

ఇప్పుడున్నయి మూడే టేబుళ్లు. 'రైతులు'ల నంబరు, పేరు, ఊరు, మండలం, జిల్లా, ఫోను, బ్యాంకు ఖాతా. 'పాలు'ల తేదీ (టైముతోని), పూట, రైతు నంబరు, లీటర్లు, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్. 'రేట్లు'ల వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్, లీటరు రేటు. బిల్లు తీసేటప్పుడు పాలను, రేట్లను జాయిన్ చేసి లెక్క కడుతున్న. లీటర్లు, వెన్న, రేటు అన్నీ రియల్ టైపే.

కొత్త చార్టు ఎక్కించినంక పోయిన పక్షం బిల్లు మళ్ల ప్రింట్ తీస్తే పైసలు వేరే వస్తున్నయి. చీటీల మొత్తానికి, బిల్లు మొత్తానికి ఒకటి రెండు పైసల తేడా ఉంటున్నది. చార్టుల ఆ వెన్న ఉన్నా కొన్ని పూటలకు రేటు దొరుకుతలేదు, బిల్లుల ఆ పూటే కనపడదు. పొద్దటి పాలు కొన్ని ముందురోజు తేదీల పడుతున్నయి. పేరుతోని వెతికితే 'సైదులు' ఒకసారి దొరుకుతడు, ఒకసారి దొరకడు.

ఇంకొకటి, ఇప్పటిదాక ల్యాప్‌టాప్ ఒక్కటే. ఇగ ఫోన్ల కూడ ఎంట్రీ పెట్టాలనుకుంటున్న. దానికోసం పోస్ట్‌గ్రెస్ అనే పెద్ద డేటాబేస్‌కు పోవాల్నా, ఎస్‌క్యూలైట్ సరిపోతదా?


మూసీగట్టు:

తమ్మీ, మొదటి సమస్య సరిజేస్తే మిగిలినయి సగం సదురుకుంటయి. నీ 'పాలు' టేబుల్‌ల పైసలు లేవు. చీటీ మీద అచ్చయి రైతు చేతిల పడ్డ మొత్తం డేటాబేస్‌ల ఎక్కడా రాసి లేదు. అడిగినప్పుడల్లా ఇయ్యాల్టి చార్టుతోని కొత్తగా పుట్టిస్తున్నవు. చార్టు మారితే పాత లెక్క మారుడు ఖాయం.

టేబుల్‌ల ఒకే విషయం రెండుచోట్ల ఉండొద్దని, లెక్కగట్టి తీసుకోగలిగినదాన్ని నిల్వ చేయొద్దని పుస్తకాలల్ల ఉంటది. ఆ నియమం ఇక్కడ అడ్డం రాదు. ఇయ్యాల్టి రేటు ఒక సంగతి, ఆ పూటకు ఇచ్చిన రేటు ఇంకో సంగతి. రెండోది జరిగిపోయిన లావాదేవీ. కాబట్టి ప్రతి పోత వరుసల లీటర్లు, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్‌తో పాటు ఏ చార్టు, లీటరుకు ఎన్ని పైసలు, మొత్తం ఎన్ని పైసలు అనేవి అప్పుడే రాసిపెట్టు. చీటీ అయినా, బిల్లైనా ఆ అంకెలనే చదవాలె. రెండోసారి గుణించుడు ఎక్కడా ఉండొద్దు.

చార్టుకు రెండు టేబుళ్లు కావాలె. 'చార్టులు'ల ఐడీ, పశువు, మొదలు తేదీ, మొదలు పూట. 'చార్టు_గళ్లు'ల చార్టు ఐడీ, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్, లీటరుకు పైసలు. ప్రైమరీ కీ (వరుసను గుర్తుపట్టే కీ) మొదటి మూడు కలిపి. వెన్న 5.0 నుంచి 10.0 దాక 51 మెట్లు, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.0 నుంచి 9.5 దాక 16 మెట్లు అనుకుంటే ఒక చార్టుకు 816 వరుసలు. చార్టు మారిన ప్రతిసారి 816 కొత్త వరుసలు పడితే పడనీ, డేటాబేస్‌కు అది లెక్కే కాదు. పాత గళ్లను మాత్రం ముట్టొద్దు.

'ముగింపు తేదీ' అనే కాలమ్ పెట్టకు. మొదలు, ముగింపు రెండూ పెడితే ఏదో ఒకనాడు రెండు చార్టుల నడుమ ఒక పూట ఖాళీ పడుతది, లేకుంటే ఒక పూటకు రెండు చార్టులు తగులుతయి. మొదలు ఒక్కటే ఉంటే ఆ రెండూ జరగవు:

సెలెక్ట్ చార్టు_ఐడీ ఫ్రమ్ చార్టులు
వేర్ పశువు = ? అండ్ (మొదలు_తేదీ, మొదలు_పూట) <= (?, ?)
ఆర్డర్ బై మొదలు_తేదీ డెస్క్, మొదలు_పూట డెస్క్
లిమిట్ 1;

పూటను 1, 2 అని అంకెలల్ల పెట్టు. పై తీరుగ జంటను జంటతోని పోల్చుడు ఎస్‌క్యూలైట్ 3.15 నుంచి నడుస్తది.

రేటు దొరకని పూట బిల్లుల మాయమవుతున్నదంటే నువ్వు వాడుతున్నది ఇన్నర్ జాయిన్. అటువైపు జత దొరకకపోతే ఇటువైపు వరుసను కూడ వదిలేస్తది, ఎర్రరు రాదు. వెన్న చార్టు దాటి 10.3 వచ్చినా ఇదే జరుగుతది. రేటు ఎంట్రీ టైముకే వెతుకు. గడి దొరకకపోతే సేవ్ కానియ్యకు, స్క్రీన్ మీద 'ఈ వెన్నకు చార్టుల రేటు లేదు' అని చూపెట్టు. అప్పుడు మనిషి ముందరనే ఉంటడు, అక్కడికక్కడ తేలుతది.

ఇంకో రెండు సంగతులు చార్టుతోనే ముడిపడి ఉన్నయి. మీ కాటా కిలోలు చూపెడుతదా, లీటర్లా? పాల సాంద్రత 1.03 దగ్గర ఉంటది, అంటే 10 కిలోలు సుమారు 9.71 లీటర్లు. కాటా కిలోలు చూపితే కిలోలే నిల్వ చెయ్యి, భాగించే అంకెను చార్టు వరుసల పెట్టు. అట్లనే మిల్క్ ఎనలైజర్ లేనప్పుడు లాక్టోమీటరు పెట్టి సీఎల్‌ఆర్ (వేడికి తగ్గట్టు సరిజేసిన లాక్టోమీటరు అంకె) నుంచి ఎస్‌ఎన్‌ఎఫ్ కడతరు. సీఎల్‌ఆర్‌ను నాలుగుతోని భాగించి, వెన్నల కొంత వంతు, ఆపైన ఒక స్థిరాంకం కలుపుతరు. ఆ స్థిరాంకం అన్ని డెయిరీలకు ఒక్కటి కాదు. దాన్ని కోడ్‌ల రాయకు, అది కూడ చార్టుకు చెందిన డేటానే.


జూరాల_బైట్స్:

పైసల తేడా గురించి నేను చెప్తాను. ఇందులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి, మందులూ వేరే.

మొదటిది రియల్ టైపు. 0.1ని బైనరీలో కచ్చితంగా రాయడం కుదరదు. పైథాన్‌లో 5.0కి 0.1 రెండుసార్లు కలిపి చూడండి, 5.2 రాదు, 5.199999999999999 వస్తుంది. చార్టును లూప్‌లో 0.1 చొప్పున పెంచుతూ నింపి ఉంటే గడిలో ఆ అంకే కూర్చుంటుంది. ఎనలైజర్ 5.2 పంపుతుంది. రెండూ సమానం కావు, రేటు దొరకదు. స్క్రీన్ మీద ఒకే దశాంశ స్థానం చూపిస్తారు కాబట్టి రెండు చోట్లా 5.2గానే కనిపిస్తుంది. 'చార్టులో ఉన్నా దొరకడం లేదు' అన్న ఫిర్యాదుకు ఎక్కువగా ఇదే మూలం.

డెసిమల్ అని టైపు రాస్తే సరిపోతుందనుకోవద్దు. ఎస్‌క్యూలైట్‌లో నిజమైన డెసిమల్ టైపు లేదు, ఆ పేరు రాసినా దశాంశ అంకెలు లోపల ఫ్లోట్‌గానే నిల్వ అవుతాయి. అన్నీ పూర్ణాంకాలు చేయండి. వెన్న 6.5 అంటే 65, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.7 అంటే 87. 4.3 లీటర్లను మీ కాటా సూక్ష్మతను బట్టి 43 అనో, మిల్లీలీటర్లలో 4300 అనో పెట్టండి. డబ్బు పైసల్లో. చుక్క పెట్టడం తెర మీద చూపేటప్పుడు, చీటీ అచ్చేసేటప్పుడు మాత్రమే.

రెండోది సవరింపు, అంటే అర పైసను ఎటు తోయాలన్నది. ఉదాహరణకు 4.3 లీటర్లు, లీటరుకు రూ. 48.35. పూర్ణాంకాల్లో 43 × 4835 = 207905, పదితో భాగిస్తే 20790.5 పైసలు. పైథాన్ రౌండ్ ఈ అర పైసను దగ్గరి సరిసంఖ్యకు తోస్తుంది, 20790 వస్తుంది. ఎస్‌క్యూలైట్ రౌండ్ పైకి తోస్తుంది, 20791 వస్తుంది. చీటీ పైథాన్‌లో, బిల్లు ఎస్‌క్యూఎల్‌లో లెక్కిస్తే అక్కడే ఒక పైసా పోయింది.

పూటకోసారి సవరించి కూడడం, కూడాక ఒకేసారి సవరించడం కూడా ఒకటి కావు. పై అంకెతోనే రెండు పూటలు తీసుకోండి. విడివిడిగా 20791 + 20791 = 41582. కలిపి అయితే 41581. పక్షానికి 30 పూటలు, పూటకు ఎక్కువలో ఎక్కువ అర పైసా, అంటే ఒక్కో రైతుకు 15 పైసల దాకా తేడా రావచ్చు. 200 మందికి అది 30 రూపాయల దాకా పోతుంది. సొమ్ము చిన్నదే, కానీ చీటీలు దాచుకుని కూడి చూసే రైతు ముందు ఒక్క పైసా తేడా వచ్చినా కాటా మీద కూడా అనుమానం వస్తుంది.

కాబట్టి పూటకు ఒక్కసారే, ఎంట్రీ సమయంలోనే సవరించండి. పూర్ణాంక భాగహారంతో అయితే (43 × 4835 + 5) ను 10తో భాగించి మిగులు వదిలేయండి: 20791. ఏ భాషలో రాసినా ఇదే వస్తుంది. బిల్లు ఆ పూర్ణాంకాల కూడిక మాత్రమే. సవరింపు పద్ధతి డెయిరీ ఇచ్చిన కాగితంలో రాసి ఉంటే దాన్నే పాటించాలి, మన ఇష్టం కాదు.

టేబుల్ సృష్టించేటప్పుడు చివర 'స్ట్రిక్ట్' అని చేర్చండి, 3.37 వెర్షన్ నుంచి ఉంది. అది లేకపోతే వెన్న కాలమ్‌లో చుక్కకు బదులు కామా పడి '6,5' వచ్చినా ఎస్‌క్యూలైట్ నోరెత్తకుండా దాన్ని టెక్స్ట్‌గా దాచుకుంటుంది. దాంతోపాటు వెన్న 20కి, 150కి మధ్యే ఉండాలని ఒక చెక్ పెట్టండి. 65 బదులు 650 కొడితే అక్కడే ఆగిపోతుంది.

ఫారిన్ కీలు (ఒక టేబుల్‌లోని నంబరు ఇంకో టేబుల్‌లో ఉండి తీరాలన్న నియమాలు) ఎస్‌క్యూలైట్‌లో మామూలుగా అమలులో ఉండవని కూడా గుర్తుంచుకోండి. ప్రతి కనెక్షన్ తెరిచాక 'ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్' ఇవ్వాలి. ఫైల్‌లో ఒకసారి పెడితే నిలిచే సెట్టింగ్ కాదు అది.

డబుల్ ఎంట్రీలు ఆపడానికి రైతు, తేదీ, పూట మూడింటి మీద యునీక్ (అవే మూడూ రెండోసారి పడనివ్వని నియమం) పెట్టేయండి.


డిండి_డేటా:

అన్నా, ఆ యునీక్ పెడితే కేంద్రం నడవదు. ఒకే ఇంటి నుంచి ఒకే పూట బర్రె పాలు, ఆవు పాలు రెండూ వస్తయి. పశువును కూడ కీల కలిపినా సరిపోదు. రెండు క్యాన్లు తెచ్చి వేరువేరుగ పరీక్ష పెట్టించేటోళ్లు ఉంటరు, ముందు సగం పోసి తర్వాత మిగతావి తెచ్చేటోళ్లు ఉంటరు. రెండో పోతను సిస్టమ్ ఆపితే ఎంట్రీ చేసేటోడు పక్కింటి నంబరు మీద ఎక్కిస్తడు. అప్పుడు డేటా ఇంకా చెడిపోతది. అదే పూటల రెండో ఎంట్రీ వస్తే 'ఇంతకుముందు 5.4 లీటర్లు పడ్డయి, ఇవి వేరేనా?' అని అడగాలె, అవునంటే తీసుకోవాలె.

నిజమైన డబుల్ ఎంట్రీ వేరే తీరుగ వస్తది. ఫోన్ నుంచి వరుస పంపినం, ల్యాప్‌టాప్ రాసుకున్నది, జవాబు వచ్చేలోపల కరెంటు పోయి వైఫై ఆగింది. ఫోన్‌కు అందిందో లేదో తెలువదు, మళ్ల పంపుతది. దానికి మందు, ఎంట్రీ పుట్టిన పరికరంలనే యూయూఐడీ (ఏ పరికరంల పుట్టినా ఇంకోదానితోని కలవని పొడుగు ఐడీ) పెట్టుడు. అదే ప్రైమరీ కీ. ల్యాప్‌టాప్ దిక్కు 'ఇన్సర్ట్ ... ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్' అంటే అదే వరుస పదిసార్లు వచ్చినా ఒక్కసారే పడుతది. ఆటోఇంక్రిమెంట్ నంబర్లు రెండు పరికరాలల్ల వాడితే ఫోన్‌ల 501, ల్యాప్‌టాప్‌ల 501 ఒకదానికొకటి తగులుతయి. యూయూఐడీలల్ల ఏడో రకం తీసుకుంటే ముందు భాగంల టైము ఉంటది, కాబట్టి ఇండెక్సుల వరుసక్రమంల కూర్చుంటయి.

ఎస్‌క్యూలైట్ సరిపోతదా అంటే, 200 మంది, రెండు పూటలు, 365 రోజులు: ఏడాదికి 1,46,000 వరుసలు. దానికి పోస్ట్‌గ్రెస్ అక్కరలేదు. (రైతు, తేదీ) మీద ఇండెక్స్ ఒకటి ఉంటే బిల్లు చిటికెల వస్తది. కానీ డేటాబేస్ ఫైల్‌ను షేర్డ్ ఫోల్డర్ల పెట్టి రెండు మిషన్ల నుంచి తెరవొద్దు. నెట్‌వర్క్ ఫోల్డర్ల ఫైల్ లాకులు నమ్మతగ్గట్టు పనిచెయ్యవు, ఫైలే పాడయితది. ల్యాప్‌టాప్ మీద చిన్న ఫ్లాస్క్ సర్వర్ నడిపి, ఫోన్ దానితోనే మాట్లాడాలె. ఫైల్‌ను ముట్టేది ఒక్క సర్వరే.

కరెంటు సంగతి: వాల్ మోడ్ (మార్పులను ముందు పక్క ఫైల్‌ల రాసే పద్ధతి) పెట్టు, మంచిదే. వాల్‌ల సింక్రనస్‌ను (డిస్కు మీద పడేదాక ఆగాల్నా అన్న సెట్టింగ్) నార్మల్ చేయమని స్పీడు కోసం సలహా ఇస్తరు. ఇక్కడ వద్దు. నార్మల్‌ల కరెంటు పోతే ఫైల్ పాడు కాదు కానీ చివరి కొన్ని ఎంట్రీలు వెనక్కి పోవచ్చు. అప్పటికే చీటీ రైతు చేతిల ఉంటది, డేటాబేస్‌ల ఆ పోత ఉండదు. ఫుల్ పెట్టు. నిమిషానికి నాలుగైదు ఎంట్రీలకు ఆ ఆలస్యం కండ్లకు కనపడదు. వరుస ముందు కమిట్ కావాలె, ఆ తర్వాతనే ప్రింటర్‌కు పోవాలె. ఈ క్రమం తప్పొద్దు.

బ్యాకప్‌కు ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌ల కాపీ కొట్టకు. వాల్ మోడ్‌ల కొత్త ఎంట్రీలు పక్కన '-వాల్' అని ఉండే ఫైల్‌ల ఉంటయి. అసలు ఫైల్ ఒక్కటే కాపీ చేస్తే మాపటి పాలు మొత్తం అందుల లేకపోవచ్చు. 'వాక్యూమ్ ఇంటు' వాడు, 3.27 నుంచి ఉన్నది. ఒకే ముక్కల సరైన నకలు ఇస్తది. ఆ నకలును తెరిచి చివరి పూట వరుసలు లెక్కపెట్టి చూడు, అప్పుడే అది బ్యాకప్.

పొద్దటి పాలు ముందురోజుకు పడుడు: కోడ్‌ల డేట్‌టైమ్ 'నౌ' వాడి ఉంటవు. ఎస్‌క్యూలైట్ ఇచ్చేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం). మన టైము దానికి అయిదున్నర గంటలు ముందు. పొద్దుగాల 5:10కి పోసిన పాలు యూటీసీల ముందురోజు 23:40. అందుకే 5:30కి ముందు పోసినయి మాత్రమే తప్పిపోతున్నయి, ఆ తర్వాతవి మంచిగ వస్తున్నయి. చూసుకో. 'పోసిన తేదీ', 'పూట' వేరే కాలమ్‌లు, ఎంట్రీ చేసేటోడు పూట మొదట్ల ఒకసారి ఎంచుకుంటడు. 'నమోదు సమయం' ఇంకో కాలమ్, అది యూటీసీలనే ఉండనీ. మిషను గడియారం తప్పున్నా లెక్క చెడదు. తేదీని 16-10-2025 అని టెక్స్ట్ పెట్టకు, క్రమంల రాదు. నవంబరు రెండో తేదీ అక్టోబరు పదహారుకు ముందు వచ్చి కూర్చుంటది. 2025-10-16 అని ఏడాదితోని మొదలుపెట్టు.


హాలియా_కోడ్:

అవును, తప్పిపోయినయన్నీ 5:30 లోపలివే. ఇప్పుడే చూసిన.

ఇంకొకటి అడగాలె. బిల్లు అయినంక తప్పు బయటపడితే ఏం చేయాలె? వెన్న 6.5కు 5.6 పడ్డదనుకోండ్రి. దాణా బస్తాల పైసలు, అడ్వాన్సులు కూడ బిల్లులనే పట్టుకుంటం. 'రైతులు'ల 'బాకీ' అని ఒక కాలమ్ పెట్టి పెంచుకుంట తగ్గించుకుంట పోదామనుకున్న.


మూసీగట్టు:

'బాకీ' కాలమ్ వద్దు. అందుల ఇయ్యాల 1,850 ఉంటే, అది ఎట్ల అయిందో ఎవ్వరూ చెప్పలేరు. రెండు పరికరాలు ఒకేసారి చదివి, ఒకేసారి రాస్తే ఒకటి ఇంకోదాన్ని చెరిపేస్తది కూడ.

'ఖాతా' అని టేబుల్ పెట్టు: ఐడీ, సభ్యుని నంబరు, తేదీ, రకం, పైసలు, ఆధారం. రైతుకు రావాల్సింది కూడిక, పట్టుకునేది తీసివేత. బాకీ అంటే ఆ కాలమ్ మొత్తం, అంతే. పాల పైసలు 3,120.40, దాణా 1,250, అడ్వాన్సు 2,000 అయితే మిగిలేది మైనస్ 129.60. ఆ పక్షం బిల్లుల చెల్లింపు సున్నా, మైనస్ దానంతటదే వచ్చే పక్షానికి పోతది. ప్రత్యేకంగా కోడ్ రాసే పనిలేదు. విజయ, నార్ముల్ లాంటి సహకార డెయిరీలకు పోసే రైతులకు గతంల ప్రభుత్వం ప్రకటించిన లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం లాంటివి ఉంటే అవి పాల రేటుల కలపకు. ఆ పైసలు ఇచ్చేది వేరే, వచ్చే తేదీ వేరే. ఖాతాల వేరే రకంగ ఒక వరుస.

తప్పు దిద్దుడు: పాత వరుసను అప్‌డేట్ చేయొద్దు, డిలీట్ అసలే వద్దు. దాన్ని రద్దు చేసే వరుస ఒకటి, అవే లీటర్లు, అవే పైసలు మైనస్‌ల. ఆ వెనక సరైన వరుస ఇంకొకటి. రెండిటిల 'సవరించేది' అనే కాలమ్‌ల పాత వరుస ఐడీ ఉండాలె. సరైన వరుసకు రేటు ఆ పూటనాటి చార్టు నుంచే రావాలె, ఇయ్యాల్టి దాని నుంచి కాదు. పోసిన తేదీ పాతదే, కానీ 'బిల్లు ఐడీ' ఇప్పుడు నడుస్తున్న పక్షానిది. అప్పుడు పాత బిల్లు ఎప్పుడు ప్రింట్ తీసినా అదే వస్తది, తేడా కొత్త బిల్లుల 'సవరణ' అని కనపడుతది.

దీన్ని కోడ్‌ల జాగ్రత్తకు వదిలేయకు. 'పోతలు' (కొత్త 'పాలు' టేబుల్) మీద అప్‌డేట్‌కు, డిలీట్‌కు చెరొక ట్రిగ్గర్ (మార్పు జరగబోతే డేటాబేస్ తనంతట నడిపే కోడ్) రాసి, ఆ వరుస బిల్లు మూసి ఉంటే రైజ్ అబార్ట్‌తోని ఆ మార్పును ఆపించు. చార్టు గళ్లకు కూడ అట్లాంటిదే: ఆ చార్టు మీద ఒక్క పోత పడ్డా ఇగ మార్చనియ్యొద్దు. రాత్రిపూట డీబీ బ్రౌజర్ తెరిచి చేత్తోని అంకె మార్చాలనిపించినా ట్రిగ్గర్ ఆపుతది.


కోయిల్‌సాగర్_కీబోర్డు:

సైదులు ఎందుకు దొరకట్లేదో ఎవరూ చెప్పలేదు. ఇది యూనికోడ్ సంగతి.

'సై'లో ఉన్న ఐత్వానికి రెండు రాతలున్నయి. ఒకటి ఒకే కోడ్, 0సి48. ఇంకొకటి రెండు కోడ్‌ల జంట, ఎత్వం 0సి46, దాని కింద ఐత్వపు గుర్తు 0సి56. తెర మీద రెండూ ఒక్కతీరే కనపడతయి. ఎస్‌క్యూలైట్ పోల్చేది బైట్లను, అక్షరాలను కాదు. లెంగ్త్ ఫంక్షన్ పెట్టి చూడండ్రి: మామూలు 'సైదులు'కు 6 వస్తది. 7 వచ్చిన వరుస ఉంటే దొరకనిది అదే. పైథాన్ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌ల నార్మలైజ్ ఫంక్షన్‌కు 'ఎన్‌ఎఫ్‌సీ' ఇస్తే రెండూ ఒకే కోడ్‌కు వస్తయి. సేవ్ చేసేటప్పుడు, వెతికేటప్పుడు, రెండుచోట్లా చేయాలె.

అది చేసినంక కూడ 7 వస్తే చివర ఖాళీ ఉన్నదేమో, 'సయిదులు' అని రాసి ఉన్నదేమో చూడండ్రి. 'రాజ్‌కుమార్' లాంటి పేర్లల్ల పొల్లు తర్వాత కనపడని జాయినర్ ఉంటది, 200సి. కొన్ని కీబోర్డులు పెడతయి, కొన్ని పెట్టవు. 200సి, 200డి రెండూ తీసేసి, 'పేరు' పక్కన 'వెతుకుడు_పేరు' అని ఇంకో కాలమ్‌ల పెట్టండ్రి. అచ్చేసేది మొదటిది, వెతికేది రెండోది. లక్ష్మి, లక్ష్మీ ఒకటే కావాలంటే ఈ రెండో కాలమ్‌లనే దీర్ఘాలను హ్రస్వాలు చేయవచ్చు. అంతకుమించి పోవద్దు, సత్తయ్య, సత్తెమ్మ కూడ కలిసిపోయేదాక పోతది యవ్వారం. అసలు ఊళ్లె యాదయ్యలు అరడజను మంది ఉంటరు. కేంద్రంల ఎంట్రీ నంబరుతోనే కావాలె, తెర మీద పేరు, తండ్రి లేదా భర్త పేరు పెద్దగ కనపడాలె.

అక్షరక్రమం మాత్రం తెలుగుల దాదాపు మంచిగనే వస్తది, కోడ్‌ల వరుస వర్ణమాలనే పాటించింది. కొన్ని చోట్ల తేడా: సున్న కోడ్ అచ్చులకంటె ముందుంటది, ఱ వచ్చి ర పక్కన, ళ వచ్చి ల పక్కన కూర్చుంటయి. సభ్యుల జాబితాకు ఇది ఇబ్బంది కాదు.

'రైతులు' టేబుల్‌ల ఊరు, మండలం, జిల్లా టెక్స్ట్‌గ పెట్టిండ్రు కద, అది కూడ తీయాలె. 2016 అక్టోబరు 11న తెలంగాణల 10 జిల్లాలు 31 అయినయి. చౌటుప్పల్ నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరికి పోయింది, షాద్‌నగర్ మహబూబ్‌నగర్ నుంచి రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కు. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట మహబూబ్‌నగర్ నుంచి విడివడ్డది. సభ్యుని కోడ్‌లనే జిల్లా అక్షరాలు ఇరికిస్తే ఇట్లాంటిరోజు కీలన్నీ మార్చాల్సి వస్తది. ఊళ్లకు ఒక టేబుల్, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీల ప్రతి ఊరికి కోడ్ ఉన్నది, దాన్ని ఒక కాలమ్‌ల పెట్టుకోండ్రి. రామాపురాలు ఎన్ని ఉన్నా తికమక ఉండదు. సభ్యుని నంబరుల మాత్రం ఏ అర్థమూ ఇరికించొద్దు, ఉట్టి నంబరే.

బ్యాంకు ఖాతా, ఫోను టెక్స్ట్ కాలమ్‌లు కావాలె. పూర్ణాంకం చేస్తే ఖాతా నంబరు ముందున్న సున్నాలు పోతయి. ఖాతాను కూడ మొదలు తేదీతోని వేరే టేబుల్‌ల పెట్టుడు మేలు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకుల కలిసినంక ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారినయి. పాత చెల్లింపు ఏ కోడ్‌కు పోయిందో ఉండాలె, కొత్తది ఏ కోడ్‌కు పోవాల్నో ఉండాలె. ఆధార్ నంబరు ఈ లెక్కలకు అక్కరలేదు, ల్యాప్‌టాప్‌ల పెట్టకండ్రి.


హాలియా_కోడ్:

లెంగ్త్ 7 వచ్చినయి దొరికినయి. చాలా థ్యాంక్స్ అన్నా.

చివరిది. పాత డేటాను కొత్త టేబుళ్లకు ఎట్ల తేవాలె? పాత చార్టు మీదనే కొత్తది రాసేసినం కద, డేటాబేస్‌ల పాత రేట్లు లేవు.


మూసీగట్టు:

పాత చార్టు కాగితాలు కేంద్రంల ఉంటయి, వెతుకు. ఏ తేదీ ఏ పూట నుంచి అన్నది కూడ దాని మీదనే ఉంటది. వాటిని చార్టులుగ ఎక్కించి, పాత పోతలకు లెక్కగట్టు. కాగితం దొరకకపోతే ఆ రోజుల చీటీలు పది పదిహేను తెప్పిచ్చి చూడు, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్, రేటు వాటి మీద అచ్చయి ఉంటయి. అన్ని గళ్లు నిండవు, నిండినన్ని పెట్టు.

'పోతలు'ల 'రేటు_మూలం' అని ఒక కాలమ్ చేర్చు: 1 అంటే ఎంట్రీ టైముల రాసింది, 2 అంటే కాగితం చార్టు నుంచి తర్వాత కట్టింది. రెండు రకాలు ఎప్పుడూ కలవొద్దు. తేదీలు తప్పిపోయిన పొద్దటి పాలను తెచ్చేటప్పుడే దిద్దు: యూటీసీ టైముకు అయిదున్నర గంటలు కలిపి తేదీ తియ్యి, పూట కాలమ్ ఉన్నదే నమ్ము.

వరుసలన్నీ ఎక్కించినంక ఒక్కొక్క పక్షం, ఒక్కొక్క సభ్యుడు, కొత్త లెక్క మొత్తం పక్కన అప్పుడు నిజంగ చెల్లించిన పైసలు పెట్టి చూడు. చెల్లింపు బ్యాంకు జాబితాల ఉంటది, అదే ఖాయం. కొత్త లెక్క దానితోని కలవకపోతే పోతలను పిండి సరిచేయకు. తేడా ఎంతో అంతకు ఖాతాల 'పాత లెక్క సర్దుబాటు' అని ఒక వరుస వెయ్యి, ఆధారంల ఆ పక్షం తేదీలు రాయి. అన్ని సర్దుబాట్లు రూపాయి లోపల ఉంటే అది సవరింపు తేడా, వదిలెయ్. ఎవరికన్నా ఒక పూట పాల విలువంత తేడా వస్తే, ఆ పక్షంల ఇన్నర్ జాయిన్ మింగిన వరుస ఉన్నదేమో చూడు, ఉంటే ఆ పైసలు రైతుకు ఇంకా బాకీ ఉన్నట్టే.